మా సంఘంలో గిన్నె వివాదం: నా అనుభవం

సంఘంలో అభిప్రాయభేదం వచ్చినప్పుడు మన తెలుగు క్రైస్తవులం ఎక్కువగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం. "ప్రార్థనలో పెడదాం, దేవుడే చూసుకుంటాడు" అని విషయాన్ని అక్కడికక్కడే కప్పేయడం ఒకటి. కోర్టు గుమ్మం ఎక్కడమో, నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని పక్క వీధిలో రేకుల షెడ్డు వేసి కొత్త సంఘం మొదలుపెట్టడమో రెండోది. మొదటిదానికి కృప అనీ, రెండోదానికి సత్యం కోసం నిలబడటం అనీ పేరు పెట్టుకుంటాం. యోహాను సువార్త మొదటి అధ్యాయం "కృపాసత్యసంపూర్ణుడు" అని చెప్పిన ప్రభువు ఈ రెండింటిలో దేనిలోనూ కనిపించడని మా సంఘంలో వచ్చిన గిన్నె వివాదం నాకు నేర్పింది. ప్రభురాత్రి భోజన సంస్కారంలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, రసాన్ని అందరూ ఒకే గిన్నె నుంచి తాగాలా, విడి కప్పుల్లో తాగాలా అన్నదే ఆ వివాదం. అది ఎలా మొదలైందో, మేము ఏ దారిన నడిచామో, ఏది కుదిరిందో, ఏది ఇంకా కుదరలేదో దాచకుండా రాస్తున్నాను. మనుషుల పేర్లూ ఊరి పేరూ మాత్రం రాయడం లేదు, ఎందుకంటే వాళ్ళందరూ ఈ ఆదివారం కూడా నా పక్కన కూర్చునేవారే.

మాది కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి ఏర్పడినది) సంఘం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, పాస్టరేట్ కమిటీలో సభ్యురాలిని. 1841లో మచిలీపట్నంలో మొదలైన సి.ఎం.ఎస్. (ఇంగ్లండుకు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీ) మిషన్ పని పల్లెలకు పాకిన రోజుల్లో మాలపల్లె నుంచి బాప్తిస్మం పొందిన కుటుంబాలే మా సంఘానికి మొదటి తరం. నేను పుట్టింది ఆ కుటుంబాల్లోనే. మాదిగపల్లె కుటుంబాలు తరవాత, ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారు డోర్నకల్ బిషప్పుగా ఉన్న కాలంలో వచ్చి చేరాయని మా పెద్దలు చెప్పేవారు. అందరిదీ ఒకే కీర్తనల పుస్తకం, ఒకే క్రిస్మస్ విందు, ఒకే సమాధుల దొడ్డి. అయినా కోశాధికారి పదవి ఎప్పుడూ ఒకే పేటలో తిరిగేది, సమాధుల దొడ్డిలో ఎవరి వరస ఎక్కడో చిన్నపిల్లలకు కూడా తెలుసు, పెళ్ళి సంబంధాలు పేట దాటేవి కావు. వీటిని ఎవరూ పైకి అనేవారు కాదు, అలా అనకుండా ఉండటాన్నే ఐక్యత అని పిలుచుకుంటూ వచ్చాం.

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చే వరకు మా దగ్గర సంస్కారానికి ఒకటే వెండి గిన్నె ఉండేది. బలిపీఠం ముందున్న రైలింగ్ దగ్గర వరసగా మోకరించిన వాళ్ళ పెదవులకు గురువుగారు (మా పాస్టరు) గిన్నె అందించి, అంచును తెల్లని గుడ్డతో తుడిచి, గిన్నెను కొంచెం తిప్పి పక్కవారికి అందించేవారు. ఆ ఏడాది ఏప్రిల్ 12న ఈస్టరు మా ఇళ్ళలోనే గడిచిపోయింది. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవవచ్చని అనుమతి వచ్చాక, సంస్కారం మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించాం. ఆ సమయంలో అవి తప్పనిసరి అని కమిటీకి చెప్పినవారిలో నేనూ ఒకదాన్ని, ఎవరూ కాదనలేదు. గొడవ మొదలైంది కరోనా భయం తగ్గాక. గిన్నె మళ్ళీ బయటికి రావాలని కొందరు, కప్పులే శాశ్వతంగా ఉండాలని కొందరు పట్టుబట్టారు.

ఇది చిన్న విషయమని బయటివారికి అనిపించవచ్చు. ఒకే గిన్నె కావాలని గట్టిగా అడిగినవారిలో ఎక్కువమంది మాదిగపల్లె కుటుంబాలవారు. ఊరి బావి దగ్గర కడవ ముట్టనివ్వని రోజుల్లో, ఇతరుల పెదవి తాకిన పాత్రను తమ పెదవికి అందించిన చోటు ఈ రైలింగ్ ఒక్కటేనని వాళ్ళ తాతలు చెప్పిన మాట వాళ్ళకు గుర్తుంది. "దీనిలోనిది మీరందరు త్రాగుడి" అన్న ప్రభువు మాటను వాళ్ళు మిషనరీ దొరల దగ్గర నేర్చుకున్న సిద్ధాంతంగా చూడరు, తమ కుటుంబ చరిత్రగా వింటారు. కప్పులు కావాలన్నవారిలో షుగరు ఉన్న పెద్దవాళ్ళు, పసిపిల్లల తల్లులు, శుభ్రత పట్టింపు ఉన్న యువకులు ఉన్నారు. వాళ్ళ భయం నిజమైన భయం. మా పేటలోని కొందరు పెద్దలు కూడా వాళ్ళతో గొంతు కలిపారు గాని, వాళ్ళ కారణం అదే కాదని నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉండేది.

నర్సుగా నన్ను ఇరుపక్షాలూ సాక్షిగా పిలిచేవి, కాబట్టి ఆ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఒకే గిన్నె వల్ల ఫలానా చోట వ్యాధి ప్రబలిందని నిర్ధారణ అయిన సందర్భం ఏదీ నా చదువులో గాని, ఉద్యోగంలో గాని ఎదురుపడలేదు. క్షయ గాలి ద్వారా సోకుతుంది, గిన్నె అంచు నుంచి కాదు. అలాగని ప్రమాదం సున్నా అని చెప్పడమూ నిజం కాదు. చాలా దేశాల్లో గిన్నెలో ఉండేది మద్యసారం (ఆల్కహాలు) ఉన్న ద్రాక్షారసం, మా దగ్గర ఉండేది ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం. దానిలో క్రిములను ఆపే శక్తి ఏమీ లేదు. గుడ్డతో తుడవడం కొంతవరకే పనిచేస్తుంది. దగ్గు, జ్వరం, నోటిపూత ఉన్నవారు రొట్టె మాత్రమే పుచ్చుకున్నా సంస్కారం పూర్తిగా పుచ్చుకున్నట్టేనని ఆంగ్లికన్ సంప్రదాయం ఎప్పటినుంచో చెబుతోంది. ఈ ఒక్క మాట ముందే సంఘానికి బోధించి ఉంటే సగం గొడవ అక్కడే తేలిపోయేది. నేను ఇలా చెప్పినప్పుడు ఇరుపక్షాలవారూ తమకు కావలసిన సగాన్ని మాత్రమే విన్నారు.

ఈలోగా బయట గాలి వేడెక్కింది. ఎస్సీ వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, రెండు పేటల మధ్య టీకొట్టు దగ్గర మాటలు పెరిగాయి, ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, అది వారి పౌరహక్కు. అయితే ఆ వేడి ఆదివారం చెప్పులతో పాటు గుమ్మం బయట ఆగలేదు.

ఆ రోజుల్లోనే గిన్నె విషయం తేల్చడానికి జనరల్ బాడీ సమావేశం పెట్టారు. ఆరాధన అయ్యాక అందరూ ఆగారు. చర్చ కొంతసేపు మర్యాదగానే నడిచింది. అప్పుడు మా పేటలోని ఒక పెద్దాయన లేచారు. చిన్నప్పటి నుంచి నేను బాబాయి అని పిలిచే మనిషి, సంఘానికి చాలా ఏళ్ళు సేవ చేసినవారు, చర్చి పైకప్పు కూలినప్పుడు తన పొలం తాకట్టు పెట్టి డబ్బు తెచ్చినవారు. ఆయన అన్న మాట ఇది: "ఎవరెవరు ఏమేమి తిని, ఏ నోటితో వచ్చి తాకుతారో మనకేం తెలుసు? కొందరు తాగాక ఆ గిన్నె అందుకోవడానికి మాకు మనసొప్పదు." కులం పేరు ఎత్తలేదు, ఎత్తవలసిన అవసరమూ లేకపోయింది. హాలులో ఎవరూ మాట్లాడలేదు. గురువుగారు త్రోవ మళ్ళించడానికి ముగింపు ప్రార్థన చేసి సమావేశాన్ని వాయిదా వేశారు.

పక్క తలుపు దగ్గర చాప మీద ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. మా సంస్కారానికి రసం తీసేది ఆమే. మాదిగపల్లె నుంచి వచ్చిన ఆమె, భర్త పోయినప్పటి నుంచి ఆ పనిని దేవునికి మొక్కుకున్న మొక్కులా చేస్తోంది. శనివారం పొద్దువాలాక నల్ల ఎండుద్రాక్షను తొడిమలు తీసి రెండు మూడు నీళ్ళలో కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళలో నానబెట్టి, తెల్లవారుజామున లేచి చేత్తో పిసికి, పలుచని మల్లుగుడ్డలో వడగట్టి, మూతపెట్టిన స్టీలు క్యానులో చర్చికి తెస్తుంది. అన్నేళ్ళుగా ఆమె చేతులు పిసికిన రసాన్నే మేమందరం ప్రభువు రక్తమని పుచ్చుకున్నాం. ఆ మాట ఆమె విన్నది. ఆ తరవాతి సంస్కారపు ఆదివారం రసం ఎప్పటిలాగే వచ్చింది, కాని ఆమె రైలింగ్ దగ్గరికి రాలేదు. ఆమె కొడుకు, కోడలు, ఆ వరసలోని మరికొన్ని కుటుంబాలు కూడా ఆరాధనకు వచ్చి, వెనక బెంచీల్లో కూర్చుని, సంస్కారం పుచ్చుకోకుండానే వెళ్ళిపోయారు.

ఆమె కొడుకు ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా, మంచి చదువరి. ఆ రాత్రే సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ఆ పెద్దాయన సమాధుల నిధి డబ్బు తిన్నాడనీ, అలాంటివాడు మా నోళ్ళ గురించి మాట్లాడటమేమిటనీ దాని సారాంశం. దాంతో మా పేటవారికి పట్టు దొరికింది. అన్న మాట సంగతి పక్కకు పోయి మెసేజ్ సంగతి ముందుకు వచ్చింది. అతణ్ణి సంఘం నుంచి తొలగించాలని కాగితం మీద సంతకాలు మొదలయ్యాయి.

తరవాతి ఆదివారం గురువుగారు క్షమాపణ మీద ప్రసంగం చేశారు, మత్తయి 18లో డెబ్బది ఏళ్ల మారులు (డెబ్బై ఏడుల సార్లు) క్షమించాలన్న భాగం. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశారని నాకు తెలుసు. కాని వెనక బెంచీల్లో కూర్చున్నవారికి అది ఎలా వినబడిందో వాళ్ళ ముఖాల్లో కనిపించింది. తప్పు జరిగిందని ఎవరూ ఇంకా నోరు తెరిచి ఒప్పుకోకముందే, గాయపడినవారిని క్షమించమని అడగడం జరిగింది. ఇంటికి వచ్చి ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగింది 21వ వచనంలో. దానికి ముందే, 15వ వచనంలో, నీ సహోదరుడు తప్పిదము చేసినయెడల నీవు పోయి, మీరిద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు అతనిని గద్దించమని ప్రభువు చెప్పాడు. వెళ్ళి చెప్పడం ముందు, క్షమించడం తరవాత. మన సంఘాల్లో ఎక్కువగా ముందుది వదిలేసి తరవాతిది మాత్రం బోధిస్తాం. చీము ఉండగానే పైన కుట్టు వేస్తే పుండు మానదని నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. ఆసుపత్రిలో ఎవరం చేయని పనిని సంఘంలో ఎందుకు చేస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గురువుగారి దగ్గరికి వెళ్ళి ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "మీరు వెళ్ళగలరా?" అని అడిగారు. ఆయన వెళితే అధికారం వెళ్ళినట్టు ఉంటుందనీ, మాదిగపల్లె నుంచి ఎవరైనా వెళితే తగాదాకు వచ్చినట్టు ఉంటుందనీ, ఆ పెద్దాయన పేటలోనే పుట్టి ఆయన చేతుల మీద పెరిగిన నేను వెళ్ళడమే సరైనదనీ ఇద్దరం అనుకున్నాం. ఇంటి మనిషే ఇంటి మనిషికి చెప్పాలి. అందులో చెప్పేవారికి భయం ఎక్కువ, వినేవారికి అవమానం తక్కువ.

బాబాయి ఇంటి వరండాలో కూర్చుని, ఆయన ఈ సంఘానికి చేసిన పనులు ముందు చెప్పాను. పొగడ్తగా చెప్పలేదు, అవి నిజాలు కాబట్టి చెప్పాను. తరవాత, "ఆ రోజు మీరన్న మాట శుభ్రత గురించి కాదు బాబాయ్, కులం గురించి. అక్కడున్న ప్రతి ఒక్కరికీ అలాగే వినబడింది, మీకూ తెలుసు" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నేను ఆరోగ్యం గురించే అన్నాను అమ్మాయ్, నువ్వు నర్సువై ఉండి అలా అంటావేం?" అన్నారు. "ఆరోగ్యం గురించే అయితే 'కొందరు తాగాక' అని ఎందుకన్నారు? జబ్బుకు పేట ఏమిటి?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు.

అప్పుడు ఆయన చిన్నప్పటి సంగతి ఒకటి, నేను పుట్టకముందు నుంచీ ఊళ్ళో అందరికీ తెలిసిందే అయినా, ఆయనకు మళ్ళీ గుర్తు చేశాను. సెంటర్లోని హోటల్లో మా వాళ్ళకు గ్లాసులు వేరుగా ఉండేవి. తాగాక ఎవరి గ్లాసు వారే కడిగి చూరులో పెట్టాలి. ఒకసారి ఆయన ఆ గ్లాసును నేలకేసి కొట్టి వచ్చారని మా నాన్న గర్వంగా చెప్పేవారు. "ఆ గ్లాసు పగలగొట్టిన మనిషి నోటి నుంచి ఈ మాట రావడం నేను తట్టుకోలేకపోతున్నాను" అన్నాను. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "నన్ను ఆ హోటలువాడితో పోలుస్తున్నావా?" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. పిన్ని కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, "తాగి వెళ్ళమ్మా" అంది, కాని గొంతులో ఆదరణ లేదు. చాలా వారాలు ఆ ఇంట్లో నాకు పలకరింపు లేదు. ఆ మౌనం బాధగానే ఉండేది, అయినా వెళ్ళి చెప్పినందుకు నేను చింతించలేదు.

వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళమని మత్తయి 18లో ఆ తరవాతి వచనం చెబుతుంది. ఎవరిని తీసుకువెళ్ళాలన్న దగ్గర అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మాకు దారి చూపింది. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, ఆదిసంఘం ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి వైపు మనుషులకే పనిని అప్పగించారు. మన కమిటీలు దీనికి తలకిందులుగా చేస్తాయి, ఫిర్యాదును విచారించే పని ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వాళ్ళ బంధువులకే ఇస్తాయి. అందుకని గురువుగారు మాదిగపల్లెకు చెందిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారినీ, స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల సమాజం) కార్యదర్శినీ నాతో కలిపారు. సంతకాల కాగితాన్ని ఈ పని అయ్యేదాకా తీసుకోనని ఆయన బలిపీఠం ముందు నుంచి చెప్పారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

ముందుగా మేము ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. ఏం జరిగితే మీకు న్యాయం జరిగినట్టు అనిపిస్తుందని అడిగాం. ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంటికి వచ్చి క్షమాపణ చెబితే చాలదని ఆమె చెప్పింది. "అందరి ముందూ అన్నారు, అందరి ముందే సరిచేయాలి. నా కాళ్ళు పట్టుకోనక్కరలేదు. ఆ మాట తప్పు అని చెబితే చాలు." ఇది పంతమని మా పేటలో కొందరన్నారు, నాకు మాత్రం న్యాయమని తోచింది. ఏకాంతంలో జరిగిన తప్పును ఏకాంతంలో సరిచేయాలి, బహిరంగంగా జరిగినదాన్ని బహిరంగంగానే సరిచేయాలి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేయడం మానుకున్నప్పుడు పౌలు అందరి ఎదుటే అడిగాడని గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. అక్కడ కూడా సంగతి ఎవరితో కలిసి తింటామన్నదే.

తరవాత ఆమె కొడుకుతో మాట్లాడాం. హెడ్మాస్టరు గారే మొదలుపెట్టారు. "సమాధుల నిధి సంగతి నీకు తెలిసి రాశావా, కోపంతో రాశావా?" అని అడిగారు. అతను కాసేపు వాదించి, చివరికి లెక్కలు తాను చూడలేదని చెప్పాడు. "అయితే అది అబద్ధసాక్ష్యం బాబూ. మనకు జరిగిన అన్యాయం మనకు అబద్ధం ఆడే హక్కు ఇవ్వదు" అన్నారాయన. ఆ మాట నేను అని ఉంటే అతను వినేవాడు కాదు, వినవలసిన అవసరమూ ఉండేది కాదు. గాయపడినవారికి కూడా సత్యం చెప్పాలి, కాని చెప్పే హక్కు అందరికీ ఒకేలా ఉండదు. అతని తల్లి పొయ్యి దగ్గర నుంచే, "తీసెయ్‌రా ఆ మెసేజ్" అంది. తీసేసి ఊరుకుంటే సరిపోదని, ఆధారం లేకుండా రాశానని అదే గ్రూపులో రాయాలని మేము అడిగాం. ఆయన అందరి ముందూ మాట్లాడిన రోజే తానూ రాస్తానని అతను షరతు పెట్టాడు. దానికి మేము అభ్యంతరం చెప్పలేదు. ముందు ఎవరు వంగాలన్న లెక్క చూడటం సువార్తకు తగదని తెలుసు, అయినా అతని వయసులో ఆ షరతు సహజమే అనిపించింది.

బాబాయి దగ్గరికి ముగ్గురం వెళ్ళిన రోజున ఆయన హెడ్మాస్టరు గారికి కుర్చీ వేశారు, కాని చూపు కలపలేదు. మాస్టారు వాదన ఏమీ పెట్టలేదు. తాను డోర్నకల్ బిషప్పు అజరయ్య గారి సంగతి ఒకటి చెబుతానన్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య గారు లేచి, తెల్ల మిషనరీలు భారతదేశానికి చేసిన త్యాగాలన్నిటినీ ముందు ఒప్పుకున్నారు. మీ ఆస్తి పేదలకు ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో చాలామందికి ఆ మాట నచ్చలేదు. అయినా ఆయన వాళ్ళతో పని మానుకోలేదు, రెండేళ్ళకు ఆంగ్లికన్ సంఘంలోనే బిషప్పు అయ్యారు. ఇది చెప్పి మాస్టారు, "మీరు ఈ చర్చికి చేసినదంతా మాకు గుర్తుంది. పైకప్పు మీ పొలం మీదే నిలబడింది. మేము అడిగేది ఇంకొకటి" అని ఆగారు. బాబాయి చాలాసేపు నేల వైపు చూసి, "నాకు టైమివ్వండి" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. మేము ప్రార్థన చేసి వచ్చేశాం, ఆ ప్రార్థనలో కూడా ఆయనకు బోధ చేసే మాటలు రాకుండా మాస్టారు జాగ్రత్తపడ్డారు. ప్రార్థన పేరుతో ఎదుటివారికి చీవాట్లు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది, దాన్ని మానుకోవాలి.

మధ్యలో గురువుగారు బైబిలు స్టడీలో సి.ఎస్.ఐ. ఏర్పడిన చరిత్ర చెప్పారు. 1919లో తరంగంబాడిలో మొదలైన సంభాషణలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఐక్యతగా ముగియడానికి 28 ఏళ్ళు పట్టింది. అజరయ్య గారు ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. బిషప్పుల విషయంలో భేదాలను దాచిపెట్టి సంతకాలు చేయలేదు, ఏ సంఘం మనస్సాక్షినీ బలవంతం చేయబోమని లిఖితంగా మాట ఇచ్చుకుని కలిశారు. మా గొడవకు కొన్ని నెలలు పడుతోందని విసుక్కునేవారికి ఆ చరిత్ర కొంచెం ఓపిక ఇచ్చింది.

బాబాయి మాట్లాడిన ఆదివారం ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఒప్పుకోలు ప్రార్థనకు ముందు, గురువుగారి దగ్గరికి వెళ్ళి ఏదో అడిగి, రైలింగ్ దగ్గర నిలబడి సంఘం వైపు తిరిగారు. "ఆ రోజు మీటింగులో నేనన్న మాట ఆరోగ్యం గురించి కాదు. అది తప్పు మాట. నా కంటే ముందు ఈ గిన్నె ఎవరు తాగినా నాకు సహోదరులే. క్షమించండి" అన్నారు. గొంతు వణికింది గాని మాట తడబడలేదు. ఆ రోజు రైలింగ్ దగ్గర ఆ పెద్దమ్మ మోకరించింది. ఆమె కోడలు మాత్రం బెంచీలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయిని ఎవరూ బలవంతం చేయలేదు. తనకు ఇంకా సమయం కావాలని ఆమె తరవాత నాతో చెప్పింది, దానిలో తప్పేమీ లేదని నేను చెప్పాను. సాయంత్రానికి గ్రూపులో కొడుకు మెసేజ్ వచ్చింది. నిధి గురించి తాను రాసినదానికి ఆధారం లేదనీ, బాధపెట్టినందుకు చింతిస్తున్నాననీ, అయితే సమాధుల నిధి లెక్కలు ఏటా సంఘం ముందు చదవాలని కోరుతున్నాననీ రాశాడు. చివరి వాక్యం కొందరికి మళ్ళీ కోపం తెప్పించింది. నాకు మాత్రం అది న్యాయమైన కోరికే. ఇప్పుడు రెండు పేటల నుంచీ ఒక్కొక్కరు కలిసి లెక్కలు చూస్తున్నారు.

గిన్నె విషయం ఆ తరవాత పెద్దగా సాగలేదు, ఎందుకంటే అసలు గొడవ గిన్నెది కాదు. వెండి గిన్నె మళ్ళీ వచ్చింది. దగ్గు, జ్వరం ఉన్నవారు రొట్టె మాత్రమే పుచ్చుకోవచ్చని ప్రతి సంస్కారం ముందూ గురువుగారు చెబుతారు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దలకు, అడిగినవారికి, చిన్న కప్పులు పక్కన పళ్ళెంలో ఉంటాయి. ఆ కప్పు తీసుకున్నవారిని ఎవరూ వింతగా చూడటం లేదు. మా పేట నుంచి రెండు కుటుంబాలు ఈ మొత్తం నచ్చక వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వస్తూనే ఉన్నాను, వాళ్ళు తిరిగి రావాలని అడుగుతూనే ఉన్నాను, కాని అందుకోసం జరిగినది జరగలేదని చెప్పలేను.

మిగిలిపోయిన ప్రశ్నను యువజన సమావేశంలో ఒక అమ్మాయి అడిగింది. "గిన్నె ఒకటైంది సరే సిస్టరు గారూ, పెళ్ళిళ్ళ మాటేమిటి? వేరే పేట అబ్బాయిని చేసుకుంటానంటే మన పెద్దలే కదా ముందు అడ్డుపడేది?" అక్కడ ఉన్న పెద్దలం కొంతసేపు జవాబు చెప్పలేకపోయాం. ఆమె అడిగినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. గురువుగారు ఆ ప్రశ్నను కమిటీ ఎజెండాలో రాయించారు, తల్లిదండ్రులతో విడిగా బైబిలు స్టడీ పెట్టాలని నిర్ణయం జరిగింది. దాన్ని నడిపే పనిని హెడ్మాస్టరు గారూ నేనూ కలిసి తీసుకున్నాం. మొదటి కూటానికి వచ్చినవారు కొద్దిమందే, వారిలో బాబాయి ఉన్నారు. పేట దాటే పెళ్ళిళ్ళకు ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ఆ సంగతి ఆయన దాచలేదు కూడా. వచ్చే నెల మళ్ళీ కూర్చుంటున్నాం.